మామగారి కోళ్ల బస్సు

మా మామగారికి తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరి జోలికి పోయే అలవాటు అసలే లేదు. ఉన్నదల్లా ఒక్కటే పిచ్చి. ఆకాశంలో మబ్బు తునక కనిపిస్తే చాలు, పెరట్లోని కోళ్లన్నింటినీ ఇంట్లోకి ఎక్కించాలి. తోలడం అనకూడదు, ఎక్కించడమే అనాలి. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు మరి.

కోళ్లకు కూడా ఆయన తిరిగిన దారిలోని స్టాపుల పేర్లే పెట్టారు. ఎప్పుడూ ముడుచుకుని కూర్చునేది ఆసుపత్రి. క్షణం నోరు మూయనిది మార్కెట్టు. లోపలికి రావాలో వద్దో తేల్చుకోలేక గడప మీదే నిలబడిపోయేది కోర్టు. అన్నింటికంటే చివర దొరికే పుంజు ఆఖరి స్టాపు. ఈల ఊదుతూ వాకిలి పక్కన నిలబడి, "ఎక్కాలి, ఎక్కాలి! లోపల బోలెడు ఖాళీ ఉంది, ముందుకు జరగాలి!" అని ఆయన అరుస్తుంటే, దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. ఒకాయన నిజంగానే చెయ్యెత్తి బస్సు ఎటు పోతుందని అడిగాడు.

నేను నర్సుని. రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే ఇంటికి వస్తాను. ఒళ్లు హూనమై ఉంటుంది, మంచం తప్ప మరేదీ కనిపించదు. సరిగ్గా అప్పుడే మబ్బు పడుతుంది.

"అమ్మాయ్, ఆసుపత్రిని పట్టుకో!"

"ఇప్పుడే దాన్ని వదిలించుకుని వచ్చాను మామయ్యగారూ."

"తలుపు వెనక్కి పోతోందమ్మా! తడిసిందంటే రొంప పట్టి కూర్చుంటుంది!"

"మబ్బు ఎక్కడుందండీ?"

"అదిగో, ఆ మూల."

ఆ మూల ఎవరో చెత్త తగలబెడుతున్నారు. పొగ అని నేను చెప్పేలోపే కోర్టు నా దిండెక్కింది. ఇక మా ఆయన సంగతి చెప్పనక్కర్లేదు. మబ్బు కనిపించగానే ఆయనకు ఆఫీసులో ఏదో అర్జెంటు పని గుర్తుకొచ్చి చల్లగా జారుకుంటారు.

కోళ్లతో అయిపోతే నేనింత విసిగిపోయేదాన్ని కాదు. మా పెరటి గోడ అవతల ఒంటిగదిలో టైలరు పిన్ని ఉంటుంది. అయినవాళ్లెవరూ లేరు. గదికి రేకుల కప్పు. మేకులు తుప్పు పట్టి ఊడిపోతే, ఎగిరిపోకుండా రేకుల మీద ఇటుకలు పెట్టుకుంది. గాలి వీస్తే రేకులు లేచి పడుతుంటాయి. ఆ రేకుల కిందే ఆమె, ఆమెకు అన్నం పెట్టే చేతిమిషను. "వానొస్తే మా ఇంటికి వచ్చేయండి పిన్నీ" అని మా ఆయన ఒకసారి నోరు జారారు. "నా ఇంటికేమొచ్చింది? ఒకరి పంచన చేరే ఖర్మ నాకేం పట్టలేదు" అని దులిపేసి, చాలా కాలం మాతో మాట్లాడలేదు. అలాంటి మనిషి కోళ్ల కోసమైతే మాత్రం వస్తుంది.

ఎందుకంటే మా మామగారు గోడ మీద నుంచి బతిమాలతారు. "చెల్లెమ్మా! మార్కెట్టు నా మాట వినడం లేదు. నీ మిషను చప్పుడు వింటేనే గానీ ఇవి కుదురుగా కూర్చోవు!"

"ఇంత వయసొచ్చింది, కోళ్లను కూర్చోబెట్టడం రాదా అన్నయ్యా?" అని తిట్టుకుంటూనే ఆమె బయల్దేరుతుంది. మిషను మోసేది మాత్రం నేను. దాంతో పాటు గుడ్డల మూట కూడా రావాలి. కుట్టడానికి గుడ్డలు లేకపోతే పిన్ని వెళ్లిపోతుందట, పిన్ని వెళ్తే మిషను ఆగుతుందట, మిషను ఆగితే కోళ్లు లేచి వానలోకి పోతాయట. ఇలా ఒక పక్క మిషను, ఒక పక్క కోళ్లు, మధ్యలో నా నిద్ర. కోళ్లు మాత్రం మిషను చప్పుడుకు కుదురుగా కూర్చోవడం నేను ఏనాడూ చూడలేదు.

చివరికి ఓపిక నశించి, మేస్త్రీని పిలిపించి గట్టి కోళ్లగూడు కట్టించాను. నీళ్లు చేరకుండా ఎత్తు అరుగు, ఇటుక గోడలు, ఏటవాలు కప్పు, గాలి కొట్టే వైపు పలక, అవతలి వైపు జాలీ, లోపల పొడి రంపపు పొట్టు. మా మామగారు దగ్గరుండి కట్టించారు. బిందెలతో నీళ్లు పోయించి మరీ పరీక్షించారు. ఇక నాకు సుఖంగా నిద్ర పడుతుందనుకున్నాను. మర్నాడే మబ్బు పట్టింది. ఈల మోగింది.

"మామయ్యగారూ, కొత్త గూటి మీద నమ్మకం లేదా?"

"గూటి మీద ఉందమ్మా. కోళ్ల మీదే లేదు."

తుఫాను వస్తుందని రేడియోలో చెప్పిన రోజు కూడా నేను డ్యూటీ దిగే వచ్చాను. ఈసారి మొండికేశాను. "గూడు రాయిలా ఉంది. వాటిని అందులో పెట్టి తలుపేయండి. నేను లేవను."

ఆయన అరవలేదు. మంచం పక్కన నిలబడి, "ఈ ఒక్కసారి లేమ్మా. నా ఒక్కడి వల్ల ఆ మిషను లేవదు" అన్నారు. ఆ గొంతు విని లేచాను.

బయట గాలి అప్పటికే మనిషిని నిలవనివ్వడం లేదు. కోళ్లు ఎక్కాయి, ఆఖరి స్టాపు దొరకలేదు. గూటి చుట్టూ తిప్పి తిప్పి చివరికి గూట్లోనే దూరింది. మా మామగారు గూటి తలుపుకు గడియ పెట్టి, గోడ దగ్గరికి పరుగెత్తారు. పిన్ని గడపలో నిలబడి, రేకులు పట్టుకునే ఉంటానని పేచీ పెట్టింది.

"అక్కడ కోళ్లు బెంబేలెత్తి చస్తున్నాయి చెల్లెమ్మా!" అని ఆయన నిజంగానే గొంతు చించుకున్నారు. పిన్ని గొణుక్కుంటూ కదిలింది. మిషను చెరో పక్కా పట్టుకుని మామగారూ నేనూ పిన్ని వెనకే మా గడప దాటామో లేదో, వెనక పెళపెళమంటూ పెద్ద చప్పుడు. రేకులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఇటుకలు గదిలో పడ్డాయి, సరిగ్గా ఆమె కూర్చుని కుట్టుకునే చోట. పిన్ని కాసేపు అటే చూసి, కూర్చుని మిషను తిప్పడం మొదలుపెట్టింది. సూదిలో దారం లేదు.

సాయంత్రానికి గాలి తగ్గింది. వెళ్లి గూడు తెరిచాను. ఆఖరి స్టాపు ఒళ్లు విరుచుకుంటూ బయటికొచ్చింది. ఈక తడవలేదు. పొట్టు పొడిపొడిగా ఉంది.

"లోపల చుక్క నీళ్లు లేవండీ. మీకు ముందే తెలుసు కదూ?"

"మెల్లగా మాట్లాడమ్మా, కోళ్లు వింటాయి" అన్నారాయన, ఇంట్లో పిన్ని ఉన్న వైపు చూస్తూ. ఇన్నాళ్లూ పోగొట్టుకున్న నా నిద్రకు అర్థం అప్పుడు తెలిసింది. కోపం రావాలి గానీ రాలేదు. ఆయన మీద అభిమానం ముంచుకొచ్చింది.

వంటింట్లోకి వెళ్తే పిన్ని నన్ను దగ్గరికి లాగింది. "నీతో చెప్పొచ్చో లేదో. మీ మామగారికి ఉరుములంటే హడలు. మగాడు కదా, పైకి చెప్పుకోలేక కోళ్ల మీద పెడతాడు. పక్కన మనిషి అలికిడి ఉంటే ధైర్యంగా ఉంటాడని వస్తుంటాను. లేకపోతే కోళ్లకు మిషనేంటే, పిచ్చిదానా! నీకు తెలిసినట్టు కనపడకు."

నవ్వు ఆపుకోవడానికి గుక్కెడు నీళ్లు తాగాను.

మర్నాడు తెల్లవారేసరికి ఎండ కాసింది. పిన్ని గుడ్డలు మూటగట్టడం మొదలుపెట్టింది. రేకుల్లేని గదికి బయల్దేరుతోందని తెలిసి మా మామగారు ఈల చేత్తో పట్టుకుని ఆకాశమంతా వెతికారు. ఎక్కడా మబ్బు తునక లేదు. ఆయన ముఖం వాడిపోయింది. ఇక నేనే కల్పించుకున్నాను.

"పిన్నీ, ఇంకా ఉరుములు ఉన్నాయట. మీ గదికి కప్పు పడేదాకా మీరిక్కడే ఉంటే మంచిది. పాపం, మామయ్యగారు తట్టుకోలేరు."

పిన్ని నా వంక చూసింది, ఆయన వంక చూసింది. తర్వాత తలెత్తి, కళ్లు చికిలిస్తూ ఆ నీలాకాశాన్ని చాలాసేపు పరీక్షించింది.

"నిజమేనే," అంది మూట విప్పుతూ, "బాగా పట్టేలాగే ఉంది."