గాలి కాదు, గాలింపు

మాస్టారు నిఘంటువు కార్యాలయంలో ఇరవై రెండేళ్లుగా మాటల పుట్టుక రాసేవారు. ఒక్కో మాటకూ ఒక్కో చీటీ; చీటీలన్నీ చెక్క సొరుగుల్లో అక్షరక్రమంలో ఉండేవి. తనకు అంతుచిక్కని మాట లేదని ఆయనకు గట్టి నమ్మకం.

ఆ నెల ‘అన్వేషణ’ వంతు వచ్చింది. ‘అను’ అంటే వెంట, ‘ఏషణ’ అంటే కోరిక. కోరినదాని వెంట పోవడమే అన్వేషణ అని రాశారు. దాని కిందే సాటి మాటగా ‘గాలింపు’ చేర్చి, గాలిలా మూలమూలకూ పోయి వెతకడం కాబట్టి అది గాలి నుంచి పుట్టిందని రాశారు. ఎక్కడా చూసి రాసింది కాదు. అయినా తన ఊహకు తానే మురిసిపోయి నలుగురికీ చదివి వినిపించారు.

టీ కప్పులు తీస్తున్న ఆవిడ ఆగింది. ఆఫీసులో చిన్నాపెద్దా అందరికీ ఆమె అక్కే.

“గాలేంటి సార్? బియ్యం గాలిస్తాం కదా, నీళ్లలో తిప్పి రాళ్లు తీయడానికి. అదీ వెతకడమేగా?”

“నువ్వు బియ్యం సంగతి చూసుకో అక్కా, మాటల సంగతి మేం చూసుకుంటాం.”

అందరూ ఘొల్లున నవ్వారు. ఆమె కూడా నవ్వబోయి, కప్పులు తీసుకుని వెళ్లిపోయింది.

వారం తర్వాత సొరుగు సర్దుతుంటే పాత చీటీ ఒకటి బయటపడింది. తనకు ముందు ఆ కుర్చీలో పనిచేసినాయన చేతిరాత: ‘గాలనం: వడకట్టడం. దాన్నుంచే గాలించు, నీళ్లలో కడిగి రాళ్లు వేరుచేయడం, ఆపైన క్షుణ్ణంగా వెతకడం.’ మాస్టారి చెవులు వేడెక్కాయి. అచ్చుకు ఇంకా పది రోజుల గడువుంది. ఆయన తలుపు వైపోసారి చూసి, చీటీని జేబులో కుక్కుకున్నారు.

పుస్తకం వచ్చిన కొన్నాళ్లకు అక్క ఆయన బల్ల దగ్గరికి వచ్చింది.

“మా అమ్మాయి చదివి చెప్పింది సార్. గాలి నుంచేనంట. తెలీక ఆవేళ నలుగురిలో మీకు అడ్డు తగిలాను. ఏమీ అనుకోకండి.”

మాస్టారు కలం పక్కన పెట్టారు.

“మీరు చెప్పిందే నిజం అక్కా. నాకు ముందే తెలుసు.”

“ముందే అంటే?”

“అచ్చుకు ముందే. చీటీ దొరికింది. దాచేశాను.”

ఆమె మిగతా బల్లల వైపు చూసింది.

“ఆ రోజు నవ్వినోళ్లకి కూడా చెప్తారా సార్?”

మర్నాడు బల్లల మధ్య నిలబడి చెప్పారు. తలెత్తలేకపోయారు. ఎవరూ నవ్వలేదు. ప్రధాన సంపాదకుడు సవరణ కాగితాలు అచ్చు వేయించాడు. మిగిలిన ప్రతులన్నిటిలో వాటిని మాస్టారే కూర్చుని అంటించారు.

అక్క ఎప్పటిలాగే టీ తెచ్చేది, పలకరించేది. మాటల గురించి మాత్రం ఆయన ముందు మళ్లీ నోరు విప్పలేదు.