ముప్పై మూడు బచ్చాలు

ఆ రోజుల్లో ఎండాకాలం అంటే నాకు తిండి కాలం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా నడిస్తే వడదెబ్బ తగిలేలోపే తినేది ఏదో ఒకటి చేతికి తగిలేది. తాటాకుల కింద దాక్కున్న ముంజలు, ఉప్పూకారం చల్లిన పచ్చిమామిడి ముక్కలు, ఐసు మీద పడుకోబెట్టిన పుచ్చకాయ, సబ్జా గింజలు ఈదుతున్న నిమ్మరసం. మెట్రో స్తంభాలు లేచాయి గానీ మా వైపు రైలు ఇంకా మొదలవలేదు, కాబట్టి ఆ స్తంభాల నీడంతా బండ్లవాళ్ళదే. నాకు ఇరవై ఏడేళ్ళు, పెళ్ళై నాలుగు నెలలు. కడుపు మనం చెప్పినట్టు వింటుందనీ, కొత్త అల్లుడు అత్తవారింట్లో నోరు తెరవాల్సింది తినడానికే తప్ప అడగడానికి కాదనీ గట్టిగా నమ్మేవాణ్ణి. ఈ నమ్మకాలు రెండూ కలిసి ఒక ఆదివారం నాడు నా చేత చేయించిన ఘనకార్యం మా రెండిళ్ళలోనూ ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను లేనప్పుడు నవ్వుతూ చెప్పుకుంటారు, ఉన్నప్పుడు ఇంకా గట్టిగా నవ్వుతూ చెప్పుకుంటారు.

మా అమ్మానాన్నలు గుంటూరు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డవాళ్ళు. మా ఆవిడ వాళ్ళది పోచంపల్లి వైపు చేనేత కుటుంబం. మామయ్యగారికి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం, చైతన్యపురిలో ఇల్లు. మేమిద్దరం అక్కడే ఒక కోచింగ్ సెంటర్‌లో బ్యాంకు పరీక్షలకు చదివాం (తను పాసయింది, నేను ప్రేమలో పడ్డాను). పెళ్ళికి ముందు మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు జొన్న రొట్టె, నాటుకోడి కూర పెట్టారు. ఆ రోజే నా జ్ఞానదంతానికి జ్ఞానం కలిగింది. ఒక్క రొట్టె ముక్కను పది నిమిషాలు ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు బదిలీ చేసి, మిగతాది కంచంలోనే వదిలేసి లేచాను. మామయ్యగారు నన్నేమీ అనలేదు. తర్వాత కూతురితో మాత్రం, "పిల్లగాడు మంచోడే బిడ్డా. గని మనింట్ల వానికి ముద్ద దిగుతలేదు. తిండి కలవంది మనిషెట్ల కలుస్తడు?" అన్నారట. ఆ ఒక్క మాట మీద మా పెళ్ళి ఎనిమిది నెలలు ఆగింది. ఒప్పుకున్నాక కూడా నా కంచం వైపు ఆయన చూసే చూపు మారలేదు. పన్ను నొప్పి సంగతి చెబుదామంటే, ఇప్పుడు సాకులు చెబుతున్నాడనుకుంటారేమోనని భయం. ఎప్పటికైనా ఆయన కళ్ళ ముందు కడుపారా తిని ఆ మాట వెనక్కి తీసుకునేలా చెయ్యాలని లోపల ఒక పంతం ఉండిపోయింది.

ఆ పంతానికి తగ్గట్టే ఆ ఏడు జ్యేష్ఠంలో అధిక మాసం పడింది. అత్తయ్యగారు ఫోన్ చేసి, "ఆదివారం జల్ది ఒచ్చెయ్యుండ్రి బిడ్డా. అధిక మాసంల అల్లునికి ముప్పై మూడు బచ్చాలు ఉంటయి మా దగ్గర" అన్నారు. బచ్చాలంటే మా వైపు బొబ్బట్లు. ముప్పై మూడంటే మాత్రం ఏ వైపైనా ముప్పై మూడే. మా ఇంట్లో ఆడపిల్లలు లేరు, కాబట్టి అల్లుళ్ళ మర్యాదలు మాకెవరికీ తెలియవు. మా అమ్మనడిగితే, "ఏమో నాన్నా, వాళ్ళ పద్ధతి ఏదైనా సరే, పెట్టింది వద్దనకు" అంది. ఆఫీసులో మా 'సీనియర్ అల్లుడు'ని అడిగాను. నల్గొండ మనిషి, అత్తవారింటి విషయాల్లో మాకందరికీ ఆయనే పెద్దదిక్కు. "ముప్పై మూడా? నేనైతే కూసున్న కాడ్నే అన్నీ లాగించిన తమ్మీ. ఒక్కటి ఇడిచినా అత్తగారింటికి మంచిది గాదట!" అన్నాడు కళ్ళార్పకుండా. (తర్వాత నిలదీస్తే, "జర మజాక్ చేసిన, నిజంగ తింటవని నాకేం ఎరుక?" అన్నాడు.) మా ఆవిడనే అడగొచ్చు కదా అంటారు. అడగొచ్చు. కానీ తను అప్పటికి నాలుగు రోజులుగా ప్రమోషన్ పరీక్షకు చదువుకుంటోంది, తల పైకెత్తడం లేదు. పైగా నాకది పరువు సమస్య. శనివారం రాత్రి భోజనం మానేసి, ఆదివారం ఉదయం టిఫిను మానేసి, ఆవిణ్ణి పరీక్షా కేంద్రం దగ్గర దింపి, ఖాళీ కడుపుతో పదకొండింటికి యుద్ధానికి చేరుకున్నాను.

నన్ను కూలర్ ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. కాళ్ళకు నీళ్ళు, నుదుటికి బొట్టు, భుజాన కొత్త తువ్వాలు. ముందుగా స్టీలు ప్లేటులో రెండు ముంజలు, గిన్నెడు మామిడి రసం ఇచ్చారు. తర్వాత ఎదురుగా స్టూలు మీద పెద్ద కంచు పళ్ళెం పెట్టి, "గివన్నీ మీయే బిడ్డా. జర సేపు కూసోండ్రి, పంతులుకు ఫోన్ చేసొస్త" అని అత్తయ్యగారు లోపలికి వెళ్ళారు. పంతులు వాళ్ళ పూజకోసం వస్తున్నాడనుకున్నాను. పళ్ళెంలో నెయ్యి మెరుస్తూ, ఏలకుల వాసన కొడుతూ బచ్చాలు గుట్టగా ఉన్నాయి. మూలన మంచం మీద మామయ్యగారి తల్లి, మేమందరం నానమ్మ అంటాం, నన్నే చూస్తోంది. సోఫాలో మామయ్యగారు పేపరు చదువుతున్నారు. ముప్పై మూడూ ముగించాలంటే ఆలస్యం చెయ్యకూడదని, ఎంగిలి అంటకుండా స్పూనుతో (నా సంస్కారం గమనించాలి) ఒకటి తీసి ప్లేటులో వేసుకుని, మామిడి రసంలో ముంచి నోట్లో పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే, అలాంటి తిండి నేను అంతకు ముందు తినలేదు. పేపరు మీద నుంచి రెండు కళ్ళు పైకి లేచాయి. అంతే, నాకు పూనకం వచ్చింది. అత్తయ్యగారు తిరిగి వచ్చేసరికి ఆరు పూర్తి చేశాను.

ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయి, "మంచిగున్నయా బిడ్డా?" అన్నారు. "అద్భుతం అత్తయ్యగారూ!" అన్నాను. ఆవిడ నవ్వి వంటింట్లోకి వెళ్ళారు, వెనకే మామయ్యగారు. (అక్కడ జరిగిన మాటలు కూలర్ హోరులో నాకు వినిపించలేదు. తర్వాత మా ఆవిడ వాళ్ళమ్మ దగ్గర విని నాకు అభినయంతో సహా వినిపించింది.)

"ఆరు తిన్నడు!"

"చూసిన."

"చూస్తనే ఉన్నరా? దానమిచ్చేటియి గదా. వద్దని జెప్పకపోతిరి?"

"నేనెట్ల జెప్త? వానికి మనింట్ల ముద్ద దిగదన్నది నేను. ఇప్పుడు తినొద్దని గూడ నేనే అనాల్నా? నువ్వే జెప్పు."

"కొత్త అల్లున్ని తినొద్దని ఏ అత్తన్న అంటదా? అత్తమ్మా, మీరన్న జెప్పుండ్రి."

ఇది విని నానమ్మ మంచం దిగి, వంటింటి గుమ్మం దాకా వెళ్ళి తీర్పు చెప్పింది. "అధిక మాసంల అల్లుడంటే విష్ణుమూర్తి. దేవుడు తింటుంటే చెయ్యి వడతరా ఎవలన్న? తిననియ్యి. గని ముప్పై మూడుకు ఒక్కటి తక్కువైనా దానం జెల్లది, చెప్తున్న!"

తినకుండా ఆపడానికి లేదు, లెక్క తగ్గడానికీ లేదు. ఇక అత్తయ్యగారికి మిగిలిన దారి ఒక్కటే. పది నిమిషాల్లో వేడివేడిగా ఆరు తెచ్చి గుట్ట మీద పేర్చారు. నానమ్మ వేలితో లెక్కపెట్టి, "ముప్పై మూడు" అని ప్రకటించింది. ఆరు తిన్నాక కూడా ముప్పై మూడేనా? సరే, మొదటివి చల్లారాయని వాటి బదులు వేడివి వేశారేమో, లెక్క ఇప్పుడు మొదలవుతుందేమో అనుకుని మళ్ళీ అందుకున్నాను. అయిదు తిన్నాను. అత్తయ్యగారు వచ్చి చూసి, వెళ్ళి అయిదు తెచ్చారు. నానమ్మ మళ్ళీ "ముప్పై మూడు" అంది. నేను చదివిన లెక్కలన్నీ ఆ కంచు పళ్ళెం ముందు ఓడిపోయాయి.

ఇంతలో మామయ్యగారు చొక్కా తొడుక్కుని బయటకు వెళ్ళి, అరగంటకు చెమటతో తడిసి ముద్దై వచ్చారు. చేతిలో రెండు కిలోల శనగపప్పు, బెల్లం దిమ్మ. చూడగానే నాకు కన్నీళ్ళు వచ్చినంత పనైంది. ఆ ఎండలో ఆ పెద్దమనిషి నా ఆకలి కోసం బండి వేసుకుని తిరుగుతున్నాడు, ఇప్పుడు నేను ఆపితే మనిషినేనా? బెల్టు ఒక రంధ్రం వదులు చేసి, గ్లాసుడు మజ్జిగ తాగి, దేవుణ్ణి తలుచుకుని ఇంకో నాలుగు మింగాను. ఆ నాలుగోది గొంతులో దిగుతుంటే చెవుల్లో ఏదో గంట మోగింది. ఇక నావల్ల కాలేదు. నానమ్మ అటు తిరిగి చెంబు అందుకుంటున్న క్షణంలో రెండు బచ్చాలు తీసి, చెరో జేబులో ఒకటి వేసుకున్నాను. నెయ్యి సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు.

సరిగ్గా అప్పుడే పరీక్ష రాసి మా ఆవిడ వచ్చింది. నన్ను, పళ్ళాన్ని, నా ప్యాంటు మీద ఇరువైపులా పాకుతున్న నెయ్యి మరకల్ని వరసగా చూసింది. "ఏం చేస్తున్నవ్ నువ్వు?" అంది (పెద్దల ముందు 'మీరు' అనాలన్న నియమం అక్కడితో సరి). "తింటున్నా" అన్నాను. "ఎన్ని?" అంది. వేళ్ళతో పదిహేను చూపించాను. ఆమె నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. "అయ్యో పిచ్చోడా, అవి కూసోని తినేటియి గాదు! పంతులు మంత్రం జెప్పి నీ చేతిల పెడితే మీ ఇంటికి తీస్కపోయి అందరికి పంచేటియి!"

"మరి చెప్పొచ్చుగా అత్తయ్యగారూ" అన్నాను ఏడుపు గొంతుతో. "మీరు గంత ఇష్టంగ తింటుంటే ఎట్ల జెప్త బిడ్డా?" అన్నారావిడ, ఆవిడ గొంతూ అలాగే ఉంది. మామయ్యగారు మాత్రం నవ్వలేదు. దగ్గరికి వచ్చి నిలబడి, "చేతగాక గూడ తిన్నరు గదా. ఎందుకు?" అన్నారు. దాచడానికి ఓపిక లేదు. "ఆ రోజు రొట్టె తినలేదని మీరు అన్నారుగా మావయ్యగారూ. ఆ రోజు పన్ను నొప్పి" అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. నా పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుని, "నోట్లకెల్లి ఒచ్చిన మాట అది. గంత మనసుల పెట్టుకుంటరా?" అని నా వీపు నిమరసాగారు. ఆ చేతి కింద నాకు ఏడుపూ తేపూ ఒకేసారి వచ్చాయి. తేపే గెలిచింది.

అదే సమయానికి పంతులుగారు దిగారు. ఆయనకు ఇంకో రెండిళ్ళలో ఇదే పని, నిలబడడానికి కూడా తీరిక లేదు. కొత్త పప్పు ఇంకా కుక్కర్‌లోనే ఉంది. నానమ్మ లెక్కపెట్టి, "ఇరవై ఏడే ఉన్నయి, దానం జెల్లది" అని పట్టుబట్టింది. పంతులుగారు గడియారం చూసుకున్నారు. అప్పుడు మామయ్యగారు లేచి నిలబడి, దుకాణంలో చీర ధర ఖాయం చేసే గొంతుతో అన్నారు. "ఎందుకు జెల్లదమ్మా? ఇరవై ఏడు పళ్ళెంల ఉన్నయి. రెండు అల్లుని జేబుల ఉన్నయి, మరకలు చూడు. నాలుగు కడుపుల ఉన్నయి. ముప్పై మూడు. ఏడున్నా అల్లుని దగ్గర్నే ఉన్నయి గదా? కానియ్యుండ్రి పంతులూ!"

"మరి ముందుగాల తిన్న పదకొండు?" అంది నానమ్మ.

"అది టిఫిన్."

పంతులుగారు ఒక్క క్షణం ఆలోచించారు. అత్తయ్యగారి చేత, మామయ్యగారి చేత పళ్ళేనికి చెయ్యి పట్టించి, మంత్రం చదివి, పళ్ళెం మీద అక్షింతలు చల్లారు. తర్వాత నా రెండు జేబుల మీద చల్లారు. ఎందుకైనా మంచిదని నా పొట్ట మీద కూడా నాలుగు చల్లారు. ఆ సాయంత్రం నన్ను ఆటోలో పడుకోబెట్టినట్టుగా కూర్చోబెట్టి వనస్థలిపురం పంపారు. మూడు రోజులు నేను వాము నీళ్ళ మీద బతికాను. ఇరవై ఏడు బచ్చాలూ మా అమ్మ వీధంతా పంచింది.

ఈ ఏడు మళ్ళీ అధిక జ్యేష్ఠం వచ్చింది. ఇప్పుడు మామయ్యగారు నా కంచం వైపు చూడరు, నా షుగరు రిపోర్టు వైపు చూస్తారు. రెండో బచ్చానికి చెయ్యి చాస్తే ఆయనే గిన్నె జరిపేస్తారు. అప్పుడప్పుడూ, ముఖ్యంగా ఇలాంటి ఎండల్లో, కూలర్ ముందు బిగుసుకుని కూర్చున్న ఆ ఇరవై ఏడేళ్ళ కుర్రాడు గుర్తొస్తాడు. పక్కకు పిలిచి, "ఒరేయ్, అవి తినేవి కావురా" అని చెవిలో చెబుదామనిపిస్తుంది. మళ్ళీ మానుకుంటాను. చెబితే వింటాడు వాడు. స్పూను కింద పెట్టేసి, పంతులు వచ్చేదాకా బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ముప్పై మూడూ పట్టుకుని మర్యాదగా ఇంటికి వెళ్ళిపోతాడు. మామయ్యగారు గుమ్మం దాకా మర్యాదగా సాగనంపుతారు.