వెల్లకిలా పడుకునే మొనగాళ్లు

హైదరాబాద్ బస్సులో ఒకే సీటు ఖాళీ. దానికోసం నేనూ, కొత్తకోటలో నాతోపాటు ఎక్కిన గొర్రెల కాపరి తాతా పోటీపడ్డాం. జియుజిట్సు అనే బ్రెజిల్ కుస్తీలో మొనగాళ్లంతా నా శిష్యులేనని బెదిరించాను.

"వాళ్లు వెల్లకిలా పడుకుని, ఏనుగంతటివాణ్ణి కాళ్లతో బిగించి లొంగదీస్తారు తాతా!"

"ఏదీ, జర చూపెట్టు సారూ. గెలిస్తె సీటు నీదే."

సీట్ల మధ్య వెల్లకిలా పడుకుని కాళ్లు చాచాను. తాత నన్ను దాటుకుని వెళ్లి సీట్లో కూర్చున్నాడు.

"పట్టు పట్టకుండానే కూర్చుంటావేం?"

"ఇంకేం పట్టు? మా దిక్కు కుస్తీల వీపు నేలకు తాకితె ఓడినట్టే. గా మొనగాళ్లంత గూడ ఓడినోళ్లే!"

బస్సంతా తాతవైపే. ఆ ప్రపంచ విజేతల తరఫున జడ్చర్ల దాకా నిలబడి గొంతు చించుకున్నాను. చివరికి కండక్టర్ విసుగ్గా నా చొక్కా వీపు దులిపాడు.

"గింత మట్టి అంటినంక గూడ లొల్లేంది సారూ?"