సమాధి బండ మీద ఒక్క మాట

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నేను రాసిన తప్పును ముందే చూసుకుని కూడా నోరు తెరవలేదు.

మా తాత తాండూరులో బండల మీద పేర్లు చెక్కేవాడు. ఆయనకు చదువు రాదు. కాగితం చూసి నేను సుద్దముక్కతో అక్షరాలు రాస్తే, వాటి వెంటే ఆయన ఉలి నడిచేది. పక్కింటి అక్క వాళ్ల అమ్మ చనిపోయినప్పుడు, సమాధి బండ మీద 'ప్రభువునందు నిద్రించెను' అని రాయాల్సింది 'నిందించెను' అని రాశాను. చూసుకునేసరికి ఉలి ఇంకా 'ని' మీదే ఉంది. ఒక్క మాట అంటే చాలు. నేను సుద్దముక్క పక్కన పెట్టి వెనక్కి జరిగాను. పెద్దవాళ్ల పనికి అడ్డం రావడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

సాయంత్రం అక్క వచ్చి చదివింది. "మా అమ్మ ఎవ్వర్ని నిందించలే, తాతా," అని మాత్రం అంది. ఆదివారమే సమాధి దగ్గర ప్రార్థన. మధ్యలో రెండే రోజులు.

తాత బండను తిరగేశాడు. వెనకవైపంతా గరుకు. పాలిష్ మిషన్ ఉన్న షెడ్డులో కరెంటు లేదు. తడి ఇసుక పోసి ఇనుప పలకతో రుద్దడం మొదలుపెట్టాడు. నేను నీళ్లు పోస్తూ, ఏదో ఒకటి మాట్లాడాలని, బడి లైబ్రరీ పుస్తకంలో చదివింది చెప్పాను. చీనాలో జేడ్ అనే పచ్చరాయి ఉందట, దానికి ఉలి దిగదట. కాలితో తొక్కితే తిరిగే ఇనుప బిళ్లకో, బిగించి కట్టిన తీగకో తడి ఇసుక పట్టించి నెలల తరబడి అరగదీస్తారట. రాయిని కోసేది ఇనుము కాదట, రాయికన్నా గట్టిదైన ఆ ఇసుకేనట.

"ఆళ్లకు గూడ మన్మరాలే రాసిచ్చిందా ఏంది?" అన్నాడు తాత. నవ్వాడు కానీ చెయ్యి ఆపలేదు.

శనివారం మధ్యాహ్నానికి బండ నున్నబడింది. ఈసారి ఒక్కో అక్షరం కాగితంతో పోల్చి రాశాను. చెక్కడం పూర్తయ్యేసరికి తాత వేళ్లు ముడుచుకోలేదు. చాయ్ గ్లాసును రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టుకుని తాగాడు.

ఇప్పుడు వికారాబాద్‌లో ఒక డీటీపీ షాపులో రోజంతా పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు టైపు చేస్తాను. పొద్దుగూకేసరికి కళ్లు మండుతాయి, డైరీ తెరిచే ఓపిక కూడా ఉండదు. అయినా ప్రింటుకు ఇచ్చేముందు ప్రతి మాటా పైకి చదువుతాను. పక్కవాళ్లు నవ్వుతారు, నవ్వనీ అనుకుంటాను.

తాత నన్ను తిట్టలేదు. ముందే చూశావా అని అడగలేదు. ఆదివారం పొద్దున బండను ఆటో ట్రాలీలోకి ఎక్కించాక, ఆ సంగతి మీద నాతో అన్న ఆఖరి మాట ఒకటే: "రేపటి సంది నేను ఉలి వెట్టేముందు పక్కన గూసోని సదువు బిడ్డా. జర నాకు ఇనవడేటట్టు సదువు."