నెంబరు లేని బండి

నిజాం రాజ్యం పోయిన కొత్తల, హుస్నాబాద్ నుంచి కరీంనగర్ పోయే బస్సు ఖరాబై దారిల ఆగితే, ఒకాయన నన్ను తన కారెక్కించుకున్నడు. మిలిటరోళ్లు పారేసిన జీపు ఇంజనుకు లారీ చక్రాలు, టేకు చెక్కలు బిగించి తానే చేసిండట ఆ కారు.

"రిజిస్ట్రేషన్‌కు బండి తెచ్చి చూపియ్యాలంటడు ఆఫీసరు. నెంబరు లేంది రోడ్డెక్కద్దంటరు పోలీసోళ్లు. ఒకపారి పట్టుకున్నరు. మల్ల దొరికితె జప్తే" అన్నడు.

కరీంనగర్ ఊరి మొగదల పోలీసు జవాను లాఠీ అడ్డం పెట్టిండు. "నెంబరేది?"

ఆయన ఇంజను బందు చేసి దిగిండు. వెనుకకు పోయి బండిని నూకుడు మొదలువెట్టిండు.

"నడుపుతలేను సారూ. నూక్కుంట పోతున్న."

జవాను నా దిక్కు చూసిండు. నాది సర్కారు నౌకరి, కేసైతె అది పోతది. అయినా దిగి, ఆయన పక్కన నిలవడి నేను సుత నూకిన. జవాను లాఠీ పక్కకు తీసిండు.

రిజిస్ట్రేషన్ ఆఫీసు దాక నూకినం. ఆఫీసరు బండి చుట్టు తిరిగి, "ఏ కంపెనీది?" అని అడిగిండు.

"నేనే చేసిన సార్."

ఆఫీసరు టేకు చెక్కలు తట్టి చూసిండు. ఆఖరికి గుమాస్తను పిలిచి, "కంపెనీ అన్న కాడ ఈయన పేరు రాయి" అన్నడు.

గుమాస్త పేరడిగిండు. ఆయన నా చెయ్యి గట్టిగ పట్టుకొని, తన పేరు ఒక్కొక్క అచ్చరం చెప్పిండు. గుమాస్త కంపెనీ అన్న కాడ రాసిండు.