కత్తెర చప్పుడు వినే మనిషి

మా కత్తెరల కార్ఖానాలో అందరూ ‘చెవుల బాబాయి’ అని పిలిచే మనిషి ఒకరుండేవారు. కత్తెర రెండు భాగాలనూ స్క్రూతో బిగించి, చెవి దగ్గర పెట్టుకొని ఒకసారి తెరిచి మూసేవారు. గరగరమంటే చిన్న సుత్తితో ఒకే దెబ్బ. చప్పుడు మెత్తబడేది. ముప్పై ఒక్క సంవత్సరాలలో ఆయన చేతి మీదుగా వెళ్లిన సరుకుపై ఒక్క ఫిర్యాదు ఉత్తరానికీ గుమాస్తానైన నేను నకలు తీయలేదు.

“కత్తెర సణిగితే వినిపిస్తుంది, నేను సణిగితే మాత్రం చెవుడు!” అనేది ప్యాకింగులో పనిచేసే ఆయన భార్య.

ఒకప్పుడు మా కత్తెరలు కొనుక్కున్న దేశమే క్రమంగా తయారీ నేర్చుకొని, చివరకు మా కార్ఖానాను కొన్నది. బాబాయి పనిని వీడియో తీసి పంపవలెనని, అక్కడివారు నేర్చుకున్న పిమ్మట ఆ విభాగాన్ని మూసివేయవలెనని ఆదేశం వచ్చింది. ఉద్యోగులకిచ్చే ఉత్తరాలు చేతితో రాయడం మా ఆనవాయితీ కనుక మేనేజరు నన్ను పిలిచారు.

“నిజం రాస్తే ఆయన చెయ్యి కదుపుతాడా? ఏదైనా మంచి మాట చూడండి, గుమాస్తాగారూ.”

“‘తమ నైపుణ్యానికి గౌరవార్థం వీడియో తీయిస్తున్నాము’ అంటే సరిపోతుందా?” అన్నాను.

నన్నెవరూ బలవంతపెట్టలేదు. మాట చక్కగా అమరిందని సంతోషించాను కూడా.

బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకొని, గోళ్లలోని నూనె నలుపు పోయేలా రుద్దుకొని వచ్చారు. “మా తమ్ముడిక్కూడా చెప్పలేదండీ ఈ కిటుకు” అంటూ దెబ్బ ఎక్కడ వేయాలో కెమెరాకు వేలితో చూపించారు. నేను గుమ్మంలోనే ఉన్నాను. నా ఉద్యోగం ఇంకా పద్నాలుగు నెలలు మిగిలి ఉంది. కెమెరాకు అడ్డం రాకుండా కాస్త పక్కకు జరిగాను.

నాలుగు నెలలకు ఆ విభాగం, దానితోపాటు ప్యాకింగు మూతపడ్డాయి. మరి కొన్నాళ్లకు బాబాయి భార్యతో కలిసి నా బల్ల దగ్గరకు వచ్చారు.

“ఈ ఉత్తరం ఇంకోటి రాసిపెట్టండి. పనికోసం ఎక్కడికెళ్లినా ముందు ఇదే చూపిస్తున్నా, మడతల దగ్గర చిరిగిపోయింది. అయినా నా పని చూసి కూడా మూసేశారంటే వాళ్లకసలు చెవుల్లేవండీ!”

రాయడం మొదలుపెట్టి, ‘గౌరవార్థం’ దగ్గర ఆగిపోయాను.

“బాబాయీ, ‘గౌరవార్థం’ అన్నది వాళ్లు కాదు. ఆ మాట నేను పెట్టాను. వాళ్లకు కావలసింది మీ పని నేర్చుకోవడం మాత్రమే.”

ఆయన ‘నేను పెట్టాను’ అన్న దగ్గరే ఆగిపోయారు. ముఖం విప్పారింది. “మీరా? ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు అన్నారనుకున్నా. ఇన్నేళ్లు చూసిన మనిషి అన్నారన్నమాట! విన్నావటే?”

ఆమె మాత్రం ఆ తరువాతి మాట కూడా విన్నది. నవ్వలేదు.

“రాయండి. ఈసారి ఆ మాట కింద మీ సంతకం కూడా పెట్టండి” అంది.

నకలు రాసేవాడు సంతకం చేయడు. చేశాను. సిరా ఆరేదాకా బాబాయి కాగితం మీద మెల్లగా ఊదుతూ నిలబడ్డారు.