ఎనిమిది సీట్ల బండి, తొమ్మిదో మనిషి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ళ కాలంలో వ్యాన్లు లేవు కాబట్టి అక్కడితో ఆగారు. నేను ఆ రెండూ చేసి బతికి బట్టకట్టినవాణ్ణే. మూడోది కూడా చేసి, సొంత వ్యాన్ వెనకాల సొంత స్కూటర్ మీద దుమ్ము మింగుతూ చల్లపల్లి దాకా వెళ్ళినవాణ్ణి. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తొంభైల చివర్లో గవర్నర్‌పేటలో ఒక మందుల హోల్‌సేల్ షాపులో లెక్కలు రాసేవాణ్ణి. ఇంట్లో అమ్మ, నాన్న, మా మేనత్త, నేను, మా ఆవిడ లూర్దు, ముగ్గురు పిల్లలు. చర్చికి వెళ్ళాలన్నా, ఆసుపత్రికి వెళ్ళాలన్నా రెండు ఆటోలు కావాలి. మొదటి ఆటో గమ్యం చేరేసరికి రెండోది ఇంకా మా గుమ్మంలోనే ఉండేది, ఎందుకంటే అందులో మేనత్త బేరం ఆడుతూ ఉండేది.

సరిగ్గా అప్పుడే చల్లపల్లిలో ఉన్న మా చెల్లెలు స్టెల్లాకి, పెళ్ళైన చాలా ఏళ్ళకి, పాప పుట్టింది. "జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రివి నువ్వే అన్నయ్యా. కొవ్వొత్తి పట్టుకుని నా బిడ్డ పక్కన నువ్వే నిలబడాలి" అని ఫోన్‌లో ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే ఒక నిర్ణయానికి వచ్చాను: ఆ రోజు ఇంటిల్లిపాదినీ ఒకే బండిలో దర్జాగా తీసుకెళ్ళాలి. ఏడుస్తూ చేసే నిర్ణయాలు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు.

ఒక సెకండ్ హ్యాండ్ వ్యాన్ బేరానికి వచ్చింది. "ఎనిమిది సీట్లండీ. ఫ్యామిలీ బండంటే ఇదేనండీ" అన్నాడు అమ్మేవాడు.

నేను అంత తేలిగ్గా నమ్ముతానా? ప్రతి సీట్లోనూ కూర్చుని పరీక్ష చేశాను. కిటికీ పక్కది నాన్నకి, వెడల్పుగా ఉన్నది మేనత్తకి, వెనకవి పిల్లలకి అని పంచుకుంటూ వచ్చాను. ఆఖరికి మిగిలిన సీటు నాది. దాని ముందు ఒక చక్రం ఉంది. ఉండనీ, చేతులు ఆనించుకోవడానికి బాగానే ఉంది అనుకున్నాను.

అవునండీ, నాకు డ్రైవింగ్ రాదు. మా ఇంట్లో ఎవరికీ రాదు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, క్లచ్ ఏదో తెలీదు, లైసెన్సూ లేదు, గుమ్మం ముందు మాత్రం ఎనిమిది సీట్ల బండి.

ఇంతమంది నేర్చుకోలేదా అని మొదటి ఆదివారమే తాళం తిప్పాను. బండి ముందుకు వెళ్ళాలి. వెనక్కి వెళ్ళి, పక్కింటివాళ్ళ ఇసుక గుట్ట ఎక్కి కూర్చుంది. లూర్దు వరండాలోంచే తీర్పు చెప్పేసింది: "మనం వెళ్ళేది జ్ఞానస్నానానికండీ, భూస్థాపనకి కాదు. డ్రైవర్‌ని పెట్టండి."

పెట్టాను. పేరు రాయప్ప. మా చర్చిలో జపాలు నేర్పే ఉపదేశిగారి అబ్బాయి. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, మితభాషి, జపాలన్నీ కంఠతా. అతనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. నా బాధంతా అదే.

ప్రయాణం రోజు పొద్దున్నే అందరూ ఎక్కారు. నేను ఇంటికి తాళం వేసి, జ్ఞానతండ్రి హోదాలో కొత్త చొక్కా సర్దుకుంటూ వచ్చి తలుపు తీశాను. లోపల సీటు లేదు.

"చిన్నదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి" అన్నాను.

"ఎవరి సీటు వాళ్ళదే, ఈ బండిలో ఎవరూ ఎవరి ఒళ్ళోనూ కూర్చోరని నువ్వే చెప్పావుగా నాన్నా!" అంది చిన్నది.

చెప్పాను. బండిని దీవించిన రోజు ఫాదర్‌గారి ముందే చెప్పాను. అన్నీ ఉన్నా కొన్నవాడి నోట్లో శని.

"పోనీ అత్తయ్యా, నువ్వు కాస్త జరిగితే..."

"ఒరేయ్ జోజీ! నా మోకాళ్ళకి ఎవరి చెయ్యి తగిలినా ఇక్కడే దిగిపోతా, చెప్తున్నా" అంది మేనత్త.

నాన్న కిటికీలోంచి తల బయట పెట్టారు. "షాపులో లెక్కలు రాస్తావు గదరా. డ్రైవరు గాల్లో కూర్చుంటాడనుకున్నావా?"

చక్రం ముందు కూర్చున్న రాయప్ప వినయంగా అడిగాడు: "పోనీ, నన్ను దిగమంటారా సార్?"

నేను వెళ్ళి స్కూటర్ తీశాను.

కంకిపాడులో వ్యాన్ ఆగింది. మేనత్తకి కడుపులో తిప్పుతోందట. "నిమ్మకాయలు పట్రా నాయనా, నువ్వు స్కూటర్ మీదున్నావుగా" అంది అమ్మ. తెచ్చాను. ఉయ్యూరులో చెరుకు ట్రాక్టర్ల వెనక మళ్ళీ ఆగింది. ఈసారి అమ్మ గుండెలు బాదుకుంటోంది.

"పాపకి కుట్టించిన కొత్త గౌను మంచం మీదే ఉండిపోయిందిరా!"

"ఏ మంచం?"

"మనింట్లో మంచం! చిటికెలో వెళ్ళొచ్చెయ్, స్కూటర్ మీదున్నావుగా."

"అమ్మా, నేను జ్ఞానతండ్రిని! నేను లేకుండా అక్కడ ఏం జరుగుతుంది?"

"అందుకే తొందరగా రమ్మంటున్నా. మేం వెళ్ళి ఫాదర్‌గారిని ఆపుతాం."

ఫాదర్‌గారు ఆగలేదు. ఆయనకి ఆ తర్వాత ఇంకో ఊళ్ళో పూజ ఉంది. నేను గౌను పట్టుకుని, ఒళ్ళంతా దుమ్ముతో, చెరుకు పీచు అంటుకున్న జుట్టుతో చల్లపల్లి చర్చి మెట్లెక్కేసరికి జనం బయటికి వస్తున్నారు. మధ్యలో స్టెల్లా, చేతుల్లో పాత గౌనులో పాప. పక్కన వెలుగుతున్న కొవ్వొత్తి పట్టుకుని, చెక్కుచెదరని ఇస్త్రీ చొక్కాలో రాయప్ప.

"ఎంతసేపు చూశామన్నయ్యా" అని స్టెల్లా మళ్ళీ ఏడ్చింది.

మేనత్త వివరించింది: "జ్ఞానతండ్రి ఎవరమ్మా అన్నారు ఫాదర్‌గారు. మీ నాన్న లేచాడు. తాత తండ్రైతే వరసేం కానురా? నేనే కూర్చోబెట్టేశా. విశ్వాస సంగ్రహం జపం ఎవరికి వచ్చంటే రాయప్ప గడగడా అప్పజెప్పాడు. నీకైతే సగమే వచ్చు."

"క్షమించండి సార్. అమ్మగారు నిలబడమన్నారు" అన్నాడు రాయప్ప.

హాస్యం పక్కన పెట్టి చెబుతున్నాను, అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆ బిడ్డ పక్కన నిలబడాలనే బండి కొన్నాను. ఆ బండి అందర్నీ భద్రంగా చేర్చింది, నన్ను తప్ప. పాప నా వేలు పట్టుకుంది గానీ, దాని చూపు మాత్రం కొవ్వొత్తి వైపే ఉంది.

భోజనాల దగ్గర రాయప్పకి మొదటి వరసలో విస్తరి వేశారు. మా బావగారి తరఫు పెద్దాయన ఒకరు నా భుజం తట్టి, "స్కూటర్ మీదొచ్చింది మీరే కదండీ? ఐసు అయిపోయింది, కాస్త తెచ్చిపెడతారా?" అన్నారు. తెచ్చిపెట్టాను.

తర్వాతైనా డ్రైవింగ్ నేర్చుకోకపోయావా అంటారు మీరు. పంతం పట్టి నేర్చుకున్నాను, లైసెన్సూ సంపాదించాను. పాప మొదటి పుట్టినరోజుకి చల్లపల్లి ప్రయాణం రాగానే ఠీవిగా తాళాలు అడిగాను.

"బావుందిరా! రాయప్ప ఇప్పుడు మన చుట్టం. చుట్టాన్ని బండి దింపేస్తామా?" అంది అమ్మ. "అన్నట్టు, వాళ్ళావిడని కూడా రమ్మన్నాను. జ్ఞానతండ్రి ఒక్కడే వస్తే ఏం మర్యాద?"

ఆ రోజు వ్యాన్ ముందు వెళ్ళింది. వెనక స్కూటర్ మీద నేను, నా వెనక లూర్దు. కంకిపాడు దాటాక లూర్దు నా చెవి దగ్గరకొచ్చి అడిగింది: "ఏవండీ, ఇంతకీ ఆ బండి ఎవరి కోసం కొన్నారు?"

ఒక చెయ్యి హ్యాండిల్ మీద ఉంచి రెండో చెయ్యి ఆకాశం వైపు ఎత్తి ప్రమాణం చేశాను: సర్వేశ్వరా, ఈ జన్మలో నా కుటుంబం కోసం ఇంక కొంటే బస్సు టికెట్లే కొంటాను. బస్సుకి డ్రైవర్‌ని ప్రభుత్వమే ఇస్తుంది, ఆయన మాకు చుట్టం కాడు.